చుక్కల లెక్క తెలిసినవాడు

జమ్మలమడుగు నుంచి ఓ కుటుంబం హైదరాబాద్ వెళ్లి, నౌబత్ పహాడ్‌పై 1985లో ప్రారంభమైన బిర్లా ప్లానెటోరియం చూసింది. దీపాలు ఆరి, గుమ్మటం నిండా చుక్కలు మెరిశాయి. ఆండ్రోమెడా గెలాక్సీ వెలుగు మనల్ని చేరడానికి సుమారు 25 లక్షల ఏళ్లు పడుతుంది! ‘నాన్నా, ఇంత పెద్ద విశ్వంలో దేవునికి మన జేజి గుర్తుంటుందా?’ అడిగాడు చిన్నోడు. నెల క్రితమే తల్లిని సమాధి చేసిన తండ్రి నోట మాట రాలేదు.

ఊరికొచ్చాక, కరెంటు పోయిన రాత్రి, మిద్దెపై పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని 147వ కీర్తన చదివి వినిపించాడు. అందులో దేవుడు నక్షత్రాలను లెక్కించి పేర్లు పెట్టే మాటకు ముందున్నది, గుండె చెదరినవారిని బాగుచేసి వారి గాయాలు కట్టే మాటే. చుక్కల లెక్క తెలిసినవాడు మన కన్నీళ్ల లెక్క మరువడు.