చెవితో చూసిన సినిమాలు!

ఓ చిన్న పరీక్ష పెడతాను. కాసేపు కళ్ళు మూసుకోండి!

చీకటి పడుతోంది. ఎక్కడో మౌత్ ఆర్గాన్ మీద దిగులు దిగులుగా ఓ బాణీ. ఎదురుగా మేడ మీద తెల్లచీర కట్టుకున్న అమ్మాయి దీపాలు ఒక్కొక్కటే ఆర్పేస్తోంది... చాలు చాలు, చెప్పేశారు! 'షోలే' (1975). ఆర్.డి. బర్మన్ సంగీతం. అందులో మాట లేదు, పల్లవి లేదు, చరణం లేదు. అయినా అమితాబ్, జయభాదురి వచ్చి కళ్ళ ముందు నిలబడ్డారు!

మరొకటి. పాములవాడి నాగసరం... పెళ్ళి ఊరేగింపుల్లో కుర్రాళ్ళు జేబురుమాలు నోట కరిచి నేలమీద మెలికలు తిరిగే బాణీ. 'నాగిన్' (1954)! సంగీతం హేమంత్ కుమార్. తమాషా ఏమిటంటే అది అసలు నాగసరమే కాదు. కల్యాణ్‌జీ క్లావియోలిన్ అనే విద్యుత్ వాద్యం మీద, రవి హార్మోనియం మీద కలిసి చేసిన మాయ అది. ఆ ఇద్దరూ తర్వాత తామే పేరున్న సంగీత దర్శకులయ్యారు. 'నాగిన్' చూడనివారికి కూడా ఆ బాణీ తెలుసు. పాములకే తెలుసో లేదో!

పాట విని సినిమా పేరు చెప్పడం మనకు బస్సులోనో హాస్టల్లోనో పొద్దుపోయే ఆట. కానీ ఒకప్పుడు అది ఆట కాదు, అవసరం. ఆ సంగతి నాకు బోధపడింది చిలమత్తూరులో.

పోస్టరు చదవలేనివారికి పాటే పేరు

హిందూపురం నుంచి తూర్పుగా లేపాక్షి దాటి వెళ్తే చిలమత్తూరు. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఇంకాస్త ముందుకు పోతే కర్ణాటక, బాగేపల్లి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే కరువు నేల. వేరుశనగ చేలు, ఎండిన చెరువులు, బెంగళూరు పనులకు పోయే బస్సులు. సినిమా పిచ్చి మాత్రం పుష్కలం! ఈ మండలం హిందూపురం నియోజకవర్గంలోనిదే. 1985, 1989, 1994 ఎన్నికల్లో ఎన్టీ రామారావు గారిని, 2014 నుంచి వరుసగా మూడుసార్లు బాలకృష్ణ గారిని గెలిపించిన గడ్డ ఇది మరి!

అక్కడ ఓ స్నేహితుడి ఇంట్లో వాళ్ళ అవ్వను అడిగాను, "అవ్వా, మీ కాలంలో ఊళ్ళోకి ఏ సినిమా వచ్చిందో ఎట్లా తెలిసేది?" అని.

"సదువు యాడిదప్పా మాకు? పోస్టరులో ఏం రాసిండారో ఎవురికి తెలుసు? మైకులో పాట ఇంటే సాలు, యా బొమ్మొచ్చిందో తెలిసిపోతాండె!" అంది అవ్వ నవ్వుతూ.

టూరింగ్ టాకీసుల రోజులవి. బండికి రెండు పక్కలా పోస్టర్లు కట్టి, మైకులో పాటలు వేస్తూ పల్లెలన్నీ తిప్పేవారు. సాయంత్రం డేరా మీది లౌడ్‌స్పీకరులో ఘంటసాల గారు పాడిన వేంకటేశ్వరుని ప్రార్థనా గీతం వినిపించిందంటే టిక్కెట్లు మొదలైనట్టే! రెండు మైళ్ళ అవతల చేలో ఉన్నవాళ్ళు కూడా కొడవలి పక్కనపెట్టి పరుగో పరుగు. గడియారం లేని పల్లెలకు ఆ పాటే గడియారం. (ఆ పాట మొదటి మాటలే 2010లో వెంకటేష్ 'నమో వెంకటేశ'కు పేరయ్యాయి.)

చదువు వచ్చినవాళ్ళకు పాటల పుస్తకం ఉండేది. పాటలన్నీ అచ్చువేసి, కథ సగం చెప్పి, 'శేషం వెండితెరపై చూడండి' అని ఊరించేవారు! చదువు రానివాళ్ళు పక్కవాడిచేత చదివించుకుని పాట మొత్తం కంఠతా పట్టేవారు.

ఇక రేడియో. బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉన్న కాలంలో, 1950లలో, ఆకాశవాణి సినిమా పాటలను బాగా తగ్గించింది. శ్రోతలు ఊరుకుంటారా? రేడియో సిలోన్‌కు ముల్లు తిప్పేశారు! 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టాక గానీ మన పాట మన ఇంటికి తిరిగి రాలేదు. ఆ రేడియో చేసిన ఓ మేలు మనం మరిచిపోయాం. ప్రతి పాటకూ ముందు ఓ గొంతు తీరిగ్గా చెప్పేది: చిత్రం ఫలానా, రచన ఫలానా, సంగీతం ఫలానా, పాడినవారు ఫలానా. అక్షరం రాని అవ్వ కూడా ఆత్రేయ, పెండ్యాల పేర్లు చెప్పగలగడానికి కారణం అదే!

రెండు క్షణాల కిటుకు

ఇంతకీ పల్లవి అందుకోకముందే మనం సినిమా పేరు ఎలా చెప్పేస్తాం?

చిలమత్తూరు పక్కనే లేపాక్షి ఉంది కదా, నాట్యమండపానికి వెళ్ళండి. స్తంభాల మీద దేవతలంతా వాద్యాలు పట్టుకుని కచేరీ చేస్తుంటారు. ఎవరి బొమ్మ కింద కూడా పేరు రాసి లేదు. అయినా గుర్రపు ముఖం కనబడితే తుంబురుడు, మూడు కాళ్ళు కనబడితే భృంగి! ఒక్క గుర్తు చాలు.

పాటకూ అలాంటి ముఖం ఉంటుంది. అదే నాదం. ఏ వాద్యం, ఏ గొంతు, ఎంత ప్రతిధ్వని... మెదడు ముందు పట్టుకునేది దాన్నే. స్వరాల వరస తర్వాతి మాట. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ క్రుమ్‌హాన్సల్ 2010లో ఓ పరిశోధన ప్రచురించారు. ప్రసిద్ధమైన పాటల్లోంచి కేవలం 400 మిల్లీ సెకన్ల ముక్క, అంటే అర సెకను కూడా కాదు, వినిపిస్తే నాలుగింట ఒక వంతుకు పైగా ముక్కలకు పాట పేరూ పాడినవారి పేరూ శ్రోతలు చెప్పగలిగారట! మన అవ్వలు ఆ పరీక్ష రాసి ఉంటే ఎన్ని మార్కులు వచ్చేవో!

ఈ కిటుకు మీదే కథలు నడిపిన ఘనులు సినిమావాళ్ళు. 'యాదోం కీ బారాత్' (1973)లో విడిపోయిన అన్నదమ్ములు కలుసుకునేది ఒక్క పాటతో. అదే తెలుగులో ఎన్టీ రామారావు గారి 'అన్నదమ్ముల అనుబంధం' (1975), తమిళంలో ఎం.జి.ఆర్. 'నాళై నమదే' (1975). 'కర్జ్' (1980)లోనైతే గిటార్ బాణీ ఒకటి పోయిన జన్మనే గుర్తుకు తెస్తుంది!

క్లారినెట్టా, సెల్‌ఫోనా?

చిలమత్తూరులో ఓ పెళ్ళికి వెళ్ళాను. బ్యాండుమేళం జోరు మీద ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు సెల్‌ఫోన్ పైకెత్తి, క్లారినెట్ మీద వస్తున్న బాణీ ఏ సినిమాదో కనుక్కుంటున్నారు. ఫోను గిరగిరా తిరిగి, తెలియదు పొమ్మంది.

దానికో కారణం ఉంది. షజామ్ లాంటి సేవ 2002లో బ్రిటన్‌లో మొదలైంది. అది పాటలోని గట్టి ధ్వనులను ఆకాశంలో నక్షత్రాల్లా చుక్కలుగా గుర్తించి, తన దగ్గరున్న చుక్కల పటాలతో పోల్చి చూస్తుంది. కాబట్టి అది పట్టుకునేది ఆ ఒక్క రికార్డింగును మాత్రమే. అదే పాట మరొకరు మరో శ్రుతిలో వాయిస్తే చుక్కలన్నీ మారిపోతాయి! కూనిరాగం తీస్తే పాట వెతికే సదుపాయం గూగుల్ 2020లో గానీ తేలేదు. మనిషి చెవి మాత్రం శ్రుతి తప్పిన క్లారినెట్లోంచి, డప్పుల హోరులోంచి, టపాకాయల మధ్యలోంచి కూడా అసలు బాణీని లాగి పట్టుకుంటుంది.

"అది 'రచ్చ' పాటరా!" అన్నాడు ఓ కుర్రాడు చివరికి.

వాయించే పెద్దాయన క్లారినెట్ నోట్లోంచి తీసి, "కాదప్పా, 'గ్యాంగ్ లీడర్'. మీరు పుట్టకముందుది!" అన్నాడు.

ఇద్దరూ కరెక్టే! 1991లో బప్పీ లహరి బాణీ కట్టిన ఆ వాన పాటే 2012లో 'రచ్చ'లో మళ్ళీ వచ్చింది. 'యమగోల' (1977) పాట 'యమదొంగ' (2007)కు ఎక్కింది. 'దేవత' (1982)లో చక్రవర్తి బాణీకి గోదావరి ఒడ్డున బిందెల మధ్య శోభన్ బాబు, శ్రీదేవి ఆడిన పాట 'గద్దలకొండ గణేష్' (2019)లో మళ్ళీ మోగింది. బిందెల వరస అంటే నీళ్ళ ట్యాంకరు దగ్గర తప్ప చూడని ఊళ్ళో బిందెల పాటకు ఈలలు! వాన లేని ఊళ్ళో వాన పాటలకే చప్పట్లు ఎక్కువ. అదేం చిత్రమో!

ఈ సరిహద్దు ఊళ్ళో ఇంకో తగాదా కూడా వస్తుంది. ఒకే బాణీకి రెండు పేర్లు! కన్నడ 'గీతా' (1981)లో శంకర్ నాగ్ కోసం ఇళయరాజా కట్టిన ఓ బాణీ తమిళ 'నూరావదు నాళ్' (1984)లో వినిపించింది, హిందీ 'చీనీ కమ్' (2007)లోనూ పలికింది. బాగేపల్లి చుట్టం 'గీతా' అంటాడు, బొంబాయి వెళ్ళొచ్చినవాడు 'చీనీ కమ్' అంటాడు. న్యాయం చెప్పాలంటే పుట్టిన సంవత్సరం తెలియాలి!

పాట కన్న సినిమాలు

సినిమా పాటను కంటుందని మనకు తెలుసు. పాట సినిమాను కనడం చూశారా? 'మాయాబజార్' (1957) ఒక్కటే చాలు సాక్ష్యానికి. ఎస్. రాజేశ్వరరావు గారు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే మిగతా భారం ఘంటసాల గారు మోశారు. ఆ పాటల మొదటి మాటలే తర్వాత సినిమా పేర్లయ్యాయి: జంధ్యాల గారి 'అహ నా పెళ్ళంట' (1987), 'వివాహ భోజనంబు' (1988), 'చూపులు కలసిన శుభవేళ' (1988), ఆ పైన వై.వి.ఎస్. చౌదరి 'లాహిరి లాహిరి లాహిరిలో' (2002). 'మిస్సమ్మ' (1955) నుంచి 'రావోయి చందమామ' (1999), 'పాతాళభైరవి' (1951) నుంచి 'కలవరమాయే మదిలో' (2009)... పేరు చెప్పగానే ప్రేక్షకుడి చెవిలో పాట మోగుతుంది. పైసా ఖర్చులేని ప్రచారం!

పేరు పోతే ఊరు పోయినట్టే

ఇక్కడే నా బాధ. నేటి కుర్రకారుకు పాట ముప్పై సెకన్ల ముక్కగా చేతిలోకి వస్తోంది. బాణీ తెలుసు, స్టెప్పు తెలుసు. సినిమా పేరు తెలియదు, రాసినవారు తెలియదు, స్వరం కట్టినవారు అసలే తెలియదు. 'శంకరాభరణం' (1980) బాణీ వినగానే శంకరశాస్త్రి కళ్ళ ముందు కదులుతాడు. కానీ తెలుగు మాతృభాష కాని కె.వి. మహదేవన్ గారు ముందు సాహిత్యం రాయించుకుని, ఆ మాటల నడకను బట్టే బాణీ కట్టేవారనీ, ఆ చిత్రానికి జాతీయ అవార్డు అందుకున్నారనీ ఎందరికి తెలుసు?

మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటు మనకు దక్కలేదు. అలా పోయిన పాత చిత్రాలు ఎన్నో! కొన్నింటికి మిగిలిన ఆనవాలు ఓ గ్రామఫోను రికార్డు, ఓ పాటల పుస్తకం మాత్రమే. వి.ఎ.కె. రంగారావు గారి వంటివారు వేలకొద్దీ రికార్డులు సేకరించి దాచబట్టి ఆ గొంతులైనా వింటున్నాం. రీలు కాలిపోయినా పాట బతుకుతుంది. కానీ దాని పక్కన పేర్లు చెప్పేవారు లేకపోతే అది చిరునామా లేని ఉత్తరమే!

చిలమత్తూరు అవ్వ లాంటివాళ్ళ చెవుల్లో ఓ పెద్ద లైబ్రరీ ఉంది. దానికి కేటలాగు ఎవరూ రాయలేదు. వాళ్ళున్నప్పుడే అడిగి తెలుసుకోవాలి.

కనుక పాఠక మిత్రులారా, ఈ ఆదివారం ఓ ఆట ఆడండి. పాట మొదటి రెండు సెకన్లు వినిపించాలి. సినిమా పేరు చెబితే ఒక మార్కు. సంవత్సరానికి ఒకటి. పాడినవారికి ఒకటి. స్వరకర్తకూ, రచయితకూ చెరో రెండు. మొదటి పోటీ మీ ఇంట్లో పెద్దవాళ్ళతోనే పెట్టుకోండి.

ఓడిపోతారు. ముందే చెబుతున్నాను!