పాలు పలచబడ్డాయని బెంగ పడకండి

“కాన్పయిన కొత్తలో పాలు చిక్కగా, పచ్చగా వుండేవి. ఇప్పుడు నీళ్లలా వస్తున్నాయి. వీటిలో బలం వుంటుందా? గేదె పాలు పట్టమని మా అత్తగారు అంటున్నారు.”

రెండో నెల బిడ్డను ఎత్తుకొని వచ్చే తల్లులు తరచు అడిగే ప్రశ్న యిది. మీరు బాలింత అయితే మీకూ యీ అనుమానం వచ్చే వుంటుంది.

పాలు మారిన మాట నిజమే. కాని ఆ మార్పు లోపం కాదు. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చే ముర్రుపాలలో 100 మిల్లీలీటర్లకు 2 గ్రాములకు పైగానే మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు, వుంటాయి. నెల తిరిగేసరికి అవి 1.2 గ్రాముల దగ్గరకు దిగుతాయి. నాలుగైదు నెలలకు ఒక గ్రాము, అంతకు కొంచెం తక్కువ.

ఎందుకిలా? ముర్రుపాలలోని మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం తిండి కోసం కాదు, కాపలా కోసం. ఇమ్యునోగ్లోబ్యులిన్-ఎ, లాక్టోఫెర్రిన్ వంటివి పసికందు పేగులను రోగక్రిముల నుంచి కాపాడతాయి. అందుకే ముర్రుపాలను పిండి పారబోయడం చాలా పొరపాటు. పుట్టిన గంటలోపే బిడ్డకు రొమ్ము అందించాలి.

ఇక లెక్క చూడండి. మొదటి రోజున బిడ్డకు దక్కేవి కొద్ది చెంచాల పాలే. నెల దాటాక రోజుకు సుమారు 700 మిల్లీలీటర్లు తాగుతుంది. పాలు పలచబడినా, రోజు మొత్తం మీద బిడ్డకు అందే మాంసకృత్తులు అప్పటికంటె ఎన్నోరెట్లు ఎక్కువ.

మరి గేదె పాలు చిక్కన కదా అంటారా? వాటిలో మాంసకృత్తులు తల్లిపాలలో కంటె మూడు నాలుగు రెట్లు వుంటాయి. అవి దూడకు తగినవి. ఆవుదూడ సుమారు నెలన్నరలో పుట్టినప్పటి బరువుకు రెట్టింపవుతుంది. మన బిడ్డకు అందుకు అయిదు నెలలు పడుతుంది. అంత మాంసకృత్తుల భారం పసివాడి మూత్రపిండాలు మోయలేవు. పైగా ఆవు, గేదె పాలలో ఎక్కువ భాగం కేసీన్. అది కడుపులో గట్టిగా గడ్డకడుతుంది. తల్లిపాలలో తేటలో కలిసి వుండే రకమే ఎక్కువ. అది సులువుగా అరుగుతుంది.

“నేను సరిగా తినడం లేదు, అందుకే పాలలో సత్తువ లేదేమో” అని కుమిలిపోకండి. తల్లి తిండి కొంత తగ్గినా పాలలో మాంసకృత్తుల పాళ్లు అంతగా తగ్గవు. అయితే ఆ లోటు తల్లి ఒంట్లోంచే పోతుంది. కనుక పత్యం పేరుతో కారప్పొడి అన్నంతో సరిపెట్టకండి. బాలింతకు మొదటి ఆరు నెలలూ రోజుకు 17 గ్రాముల మాంసకృత్తులు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. పప్పు, పెరుగు, వేరుశనగలు, అలవాటున్నవారు గుడ్డు, చేపలు రోజూ తినవచ్చు.

ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేదీ, మంచినీళ్లు కూడా, పట్టనక్కరలేదు. ఆరు నిండాక మాత్రం పాలొక్కటే చాలవు. మెత్తగా ఉడికించిన పప్పన్నం, కూరగాయలు, గుడ్డు కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ, రెండేళ్ల వరకు పాలివ్వడం కొనసాగించండి.

పాలు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి గిన్నెలో పిండి రంగు చూడకండి. మొదటి వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తోందా? తాగాక తృప్తిగా వుంటోందా? నెలనెలా అంగన్‌వాడీలో తూచినప్పుడు బరువు పెరుగుతోందా? అయితే మీ పాలు చక్కగా సరిపోతున్నట్లే. బరువు పెరగకపోయినా, బిడ్డ మందకొడిగా వున్నా డబ్బా పాలు కొనబోయే ముందు డాక్టరుకు చూపించండి.

అత్తగారికి కూడా యీ మాట నెమ్మదిగా చెప్పండి. ఆవిడ బెంగా మనవడి కోసమే కదా!