వార్తల్లో పదం: చెక్-ఆఫ్

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఏటా వారు నింపే రాష్ట్ర ఆదాయపు పన్ను పత్రం ‘ఎన్‌జే-1040’లో చూపు నిలవకుండా జారిపోయే వరుస ఒకటుంది: రొమ్ము క్యాన్సర్ పరిశోధన నిధి. అక్కడ టిక్ పెట్టి మొత్తం రాస్తే, ఆ సొమ్ము రీఫండ్‌లోంచి తగ్గి, లేదా కట్టాల్సిన పన్నుకు తోడై, పరిశోధనకు చేరుతుంది. ఇదే చెక్-ఆఫ్.

పది, ఇరవై డాలర్లతో ఒరిగేదేమిటి?

చాలానే. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ బడ్జెట్ ఏడాదికి 700 కోట్ల డాలర్లు దాటినా, దాని పెద్ద గ్రాంట్లకు పోటీ తీవ్రం. తొలి ఫలితాలు చేతిలో లేని యువ శాస్త్రవేత్త దరఖాస్తు నెగ్గడం కష్టం. ఆ తొలి ఫలితాలు రాబట్టడానికే చిన్న నిధులు కావాలి. 1983 నాటి చట్టంతో ఏర్పడిన న్యూజెర్సీ క్యాన్సర్ పరిశోధన కమిషన్ రాష్ట్రంలోని పరిశోధకులకు అలాంటి ఊతమే ఇస్తోంది. ఈ చెక్-ఆఫ్ సొమ్ముతో పాటు, క్యాన్సర్‌పై పోరాట నినాదమున్న కార్ల నంబర్ ప్లేట్ల అమ్మకమూ కమిషన్‌కు ఒక ఆదాయం.

చిన్న విరాళాల బలానికి పాత ఉదాహరణ ఒకటుంది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ఔషధ సంస్థలో తయారుచేసిన అమినోప్టెరిన్ మందుతో బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాను (రక్త క్యాన్సర్‌ను) తాత్కాలికంగా అణచగలిగాడు. ఆ ఫలితాలు వెలువడిన 1948లోనే, ఒక రేడియో కార్యక్రమం విని జనం పంపిన విరాళాలు 2 లక్షల 31 వేల డాలర్లు దాటాయి. పిల్లల క్యాన్సర్ పరిశోధనకు తోడ్పడే జిమ్మీ ఫండ్ పుట్టింది అలాగే.

ఈసారి పన్ను లెక్కలు అకౌంటెంట్‌కు అప్పగిస్తే, ఎన్‌జే-1040లోని ఆ వరుస గురించి ఒక మాట అడగండి.