చేయి ఊగితేనే అడుగు

తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం వలస వెళ్లి అక్కడే స్థిరపడిన నేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, చెప్పుకోదగిన సంఖ్యలో నివసించే తూర్పు సూరత్ పరిసరాలలో గోడాదరా ఒకటి. సాంచాల (మరమగ్గాల) మీద షిఫ్టుకు పన్నెండేసి గంటలు పనిచేసే ఇటువంటి చోట, అడుగులను లెక్కపెట్టే మణికట్టు పట్టీ ఎంతవరకు నిజం చెబుతుందన్న ప్రశ్నకు దొరికే సమాధానం, పార్కులో చేతులు ఊపుకుంటూ నడిచేవారికి దొరికే సమాధానంతో సరిపోలదు. ఎందుకంటే ఆ పట్టీకి పాదంతో సంబంధం లేదు, అది గమనించేది చేతిని మాత్రమే.

పట్టీ లోపల త్వరణమాపకం, అంటే కదలిక వేగంలో వచ్చే మార్పును కొలిచే సాధనం, ఉంటుంది. సిలికాన్‌పై చెక్కిన అతి చిన్న పలక ఒకటి స్ప్రింగుల్లా సాగే సన్నని కాడల మధ్య నిలిచి, చేయి కదిలినప్పుడల్లా వెంట్రుకవాసి కంటే తక్కువ దూరం జరుగుతుంది. ఆ జరుగుబాటు వల్ల మారే విద్యుత్ సంకేతాన్ని పరికరం మూడు దిశలలోనూ సెకనుకు పదులసార్లు నమోదు చేస్తుంది. సాధారణంగా నడిచే మనిషి నిమిషానికి సుమారు 90 నుంచి 130 అడుగులు వేస్తాడు కనుక, ఆ లయకు దగ్గరగా ఉన్న ఎగుడుదిగుడులను మాత్రమే ఉంచి, ఇతర కదలికలను వడగట్టి, మిగిలిన ప్రతి శిఖరాన్నీ ఒక అడుగుగా లెక్కవేస్తుంది. ఒంటరి అదురును అడుగుగా పొరబడకుండా ఉండేందుకు, చాలా పరికరాలు వరుసగా కొన్ని అడుగులు ఒకే లయలో పడేదాకా ఆగి, ఆ తరువాతనే లెక్క మొదలుపెడతాయి.

ఈ జాగ్రత్తే సాంచా నడిపేవారికి నష్టం చేస్తుంది. ఏకకాలంలో అనేక సాంచాలను చూసుకునే కార్మికుడు ఇరుకు సందులలో నాలుగడుగులు వేసి, తెగిన పోగును ముడివేసి, వెనక్కు తిరిగి, మళ్లీ మూడడుగులు వేస్తాడు. అతని నడక నిదానంగానూ, తునకలు తునకలుగానూ సాగుతుంది. నడక నెమ్మదించే కొద్దీ మణికట్టు పరికరాలు అడుగులను జారవిడవడం పరిశోధకులు పదేపదే గమనించిన లోపం కాబట్టి, షిఫ్టు ముగిసేసరికి ఆ కాళ్లు నడిచినదానిలో కొంత భాగం లెక్కకు రాకుండానే పోతుంది. దీనికి తోడు మరో చిక్కు ఉంది: షటిల్‌తో నడిచే సాధారణ మరమగ్గం నిమిషానికి నూరు నుంచి నూట యాభై వరకు పోట్లు వేస్తుంది, అంటే దాని లయ ఇంచుమించు మనిషి నడక లయే. మగ్గం చట్రంపై చేయి ఆనించి నిలబడిన వ్యక్తి చేతికి ఆ అదురు బలంగా తగిలితే, కదలని మనిషి పేర కూడా అడుగులు జమకావడానికి అవకాశం ఉంది. ఒకవైపు నిజమైన అడుగులు పోయి, మరోవైపు లేని అడుగులు వచ్చి చేరినప్పుడు, సాయంత్రం కనిపించే మొత్తం నమ్మదగినదిగానే తోచవచ్చు; రెండు తప్పులు ఒకదానినొకటి కప్పుకోవడం వల్ల వచ్చిన ఆ పొందిక ఖచ్చితత్వం కాదు.

వ్యాయామంలోనూ చేతి కదలికను బట్టే లెక్క అన్న ఇదే సూత్రం పనిచేస్తుంది. పరుగులో పాదం నేలను తాకే దెబ్బ గట్టిగా ఉండి చేతి ఊపు క్రమంగా సాగుతుంది కనుక లెక్క సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. అదే వ్యక్తి జిమ్‌లో ట్రెడ్‌మిల్ పిడిని పట్టుకుని నడిస్తే చేయి నిశ్చలంగా ఉండి అడుగులు మాయమవుతాయి. సూరత్ రింగ్‌రోడ్ బట్టల మార్కెట్‌లలో తోపుడుబండిపై మూటలు నెట్టుకెళ్లే కూలీకి జరిగేదీ అదే. సైకిల్ తొక్కినప్పుడు కాళ్లు ఎంత శ్రమించినా సంఖ్య దాదాపు కదలదు, డంబెల్స్ ఎత్తి దించినప్పుడు మాత్రం కాలు కదపకుండానే పెరగవచ్చు. నవరాత్రుల్లో తెలుగు వాడల్లో బతుకమ్మ, పక్క వీధుల్లో గర్బా ఆడే స్త్రీల కదలికల్లో ఏది అడుగు, ఏది చప్పట్ల చరుపు అని పరికరం విడదీయలేదు, అయితే ఆ ఆటలో వ్యాయామం జరిగిందనడంలో సందేహం లేదు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో 14 మందిని ట్రెడ్‌మిల్‌పై నడిపించి, ఒక పరిశీలకుడు వేసిన లెక్కతో పరికరాల లెక్కను పోల్చినప్పుడు, ఫోన్లలోని యాప్‌లు సుమారు 6 నుంచి 7 శాతం లోపు ఎక్కువ తక్కువలతో సరిపోగా, ఒంటికి ధరించే పరికరాలలో ఒక మణికట్టు పట్టీ దాదాపు 23 శాతం తక్కువ చూపింది. ఆరోగ్యవంతులు చదునైన పట్టాపై సమవేగంతో నడిచినప్పుడే ఇంత తేడా కనిపించిందని గుర్తుంచుకోవాలి. ఖర్చయిన కేలరీల విషయం మరీ అన్యాయం: స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2017లో 60 మందిపై ఏడు మణికట్టు పరికరాలను పరీక్షించినప్పుడు, గుండె వేగాన్ని వాటిలో ఆరు 5 శాతం లోపు తేడాతో చెప్పగలిగినా, కేలరీలను అన్నిటికంటే మేలైనది సైతం సగటున 27 శాతం తప్పుగా చెప్పింది.

ఇంత ఊగిసలాడే కొలతను రోజుకు 10,000 అడుగులు అనే గుండ్రని గీతతో పోల్చుకుని దిగులుపడనవసరం లేదు. ఆ అంకె 1965లో జపాన్‌లోని యమాసా కంపెనీ విక్రయించిన నడుముకు పెట్టుకునే అడుగుల మీటరు పేరు నుంచి ప్రచారంలోకి వచ్చింది, వైద్య పరిశోధన నుంచి కాదు. సుమారు 72 ఏళ్ల సగటు వయసున్న 16,741 మంది అమెరికన్ స్త్రీలపై 2019లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగుల దగ్గరే మరణ ప్రమాదం తగ్గుదల స్పష్టంగా కనిపించి, 7,500 దాటాక పెద్దగా తగ్గలేదు.

పట్టీని పరీక్షించదలచినవారు సమతలమైన వీధిలో నోటితో లెక్కపెడుతూ వంద అడుగులు నడిచి, తెరపై పెరిగిన సంఖ్యను చూస్తే సరిపోతుంది; జపాన్ తన అడుగుల మీటర్లకు విధించిన ప్రమాణం వందకు మూడు అడుగుల తేడాను మాత్రమే అనుమతిస్తుంది. తరువాత అదే దూరాన్ని చేతిలో సంచీ పట్టుకుని ఒకసారి, ఫోన్‌ను ప్యాంటు జేబులో ఉంచుకుని మరొకసారి నడిచి చూడాలి. చేతులు ఎప్పుడూ పనిలో ఉండే మనిషికి తుంటి దగ్గర ఉన్న పరికరమే ఎక్కువ న్యాయం చేస్తుంది, ఎందుకంటే చేతులలో ఏమున్నా, అడుగు పడినప్పుడు తుంటి కదలక తప్పదు.