స్వయంప్రతిరక్షక వ్యాధుల్లో డి.ఎన్.ఎ. గాయం, రేడియేషన్ సున్నితత్వం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రోగుల సందర్భం

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ గుంతకల్లు-బెంగళూరు రైలు మార్గంలోని పట్టణాలు. 2022లో ఇవి శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమైనా, పెద్ద జబ్బు వస్తే బెంగళూరు వెళ్లే అలవాటు ఇక్కడ పాతదే. కీళ్లనొప్పులకు ఊళ్లోని వైద్యుడు, క్యాన్సర్‌కు మహానగరం. ఒకే రోగికి ఈ రెండు జబ్బులూ ఉన్నప్పుడు, ఒకచోటి కాగితం మరోచోటికి చేరకపోతే కలిగే నష్టానికి మూలం కణంలోని డి.ఎన్.ఎ. స్థాయిలో ఉంది.

ఒక గ్రే రేడియేషన్ సోకిన కణంలో సుమారు వెయ్యి ఏకపోగు తెగుళ్లు, నలభై వరకు జంటపోగు తెగుళ్లు ఏర్పడతాయి. మొదటివాటిని కణం సులభంగానే సరిచేసుకుంటుంది. ప్రాణాంతకమైనవి రెండోవి. తెగిన కొసలను మొదట పట్టుకునే ప్రోటీన్లలో ‘కు’ ముఖ్యమైనది. విశేషమేమంటే, ఇది మొదట వెలుగులోకి వచ్చింది డి.ఎన్.ఎ. మరమ్మతు పరిశోధనలో కాదు. 1981లో జపాన్ పరిశోధకులు స్క్లెరోడెర్మా, కండరాల వాపు కలిసి ఉన్న రోగి రక్తంలోని ప్రతిరక్షకం ద్వారా దీనిని గుర్తించారు. దాని మరమ్మతు పాత్ర తరువాత తేలింది. అయితే రక్తంలో ఆ ప్రతిరక్షకం ఉన్నంత మాత్రాన కణకేంద్రంలో మరమ్మతు ఆగిపోయిందని తీర్మానించడం తొందరపాటే.

లూపస్‌లో సంబంధం మరింత సూటిగా కనిపిస్తుంది. దెబ్బతిన్న డి.ఎన్.ఎ. తునకలు కణద్రవంలోకి చేరితే సి-గ్యాస్ అనే ఎంజైము వాటిని వైరస్ డి.ఎన్.ఎ.గా భావించినట్లు స్పందించి, ఇంటర్‌ఫెరాన్ ఉత్పత్తికి దారితీస్తుంది. ఈ తునకలను తొలగించే ట్రెక్స్-1 జన్యువులో లోపాలు కొందరు లూపస్ రోగుల్లో కనిపించాయి. అంటే గాయం వాపును పెంచుతుంది; వాపులో పుట్టే ఆక్సీకరణ పదార్థాలు తిరిగి గాయాన్ని పెంచుతాయి. లూపస్ రోగుల తెల్లరక్తకణాల్లో మరమ్మతు మందగించినట్లు కొన్ని ప్రయోగాలు చూపాయి. ప్రయోగశాలలోని కణం ప్రవర్తన రోగి చర్మం ప్రవర్తనకు హామీ మాత్రం కాదు.

చికిత్సానుభవం ఈ వ్యాధులను ఒకే గాటన కట్టనివ్వదు. 1997లో ప్రచురితమైన మోరిస్, పావెల్‌ల అధ్యయనం 209 మంది రోగులను పరిశీలించింది. తీవ్రమైన ఆలస్య దుష్ఫలితాలు ఐదేళ్లలో రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారిలో 6 శాతం, లూపస్, స్క్లెరోడెర్మా వంటి ఇతర వ్యాధుల వారిలో 21 శాతం. స్క్లెరోడెర్మాలో చర్మాన్ని, ఊపిరితిత్తులను గట్టిపరిచే ప్రక్రియ ముందే నడుస్తూ ఉంటుంది. రేడియేషన్ దానికి ఆజ్యం పోస్తుంది.

కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ సంగతి వేరు. భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల రూపొందించిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక ఔషధాల్లో ఇదొకటి. డి.ఎన్.ఎ. నిర్మాణానికి కావలసిన ముడిసరుకును ఇది తగ్గిస్తుంది. అందువల్ల రేడియేషన్‌తో కలిసినప్పుడు చర్మం, నోటి పొరల పుండ్లు ఎక్కువ కావచ్చు. ధర్మవరం మగ్గం ముందు కూర్చునే వ్యక్తి చేతివేళ్ల నొప్పిని పనివల్ల వచ్చిందే అనుకుంటే, రోగనిర్ధారణే ఆలస్యమవుతుంది. నిర్ధారణ అయి మాత్ర వాడుతున్నా, ‘నొప్పుల మాత్ర’ అని చెబితే క్యాన్సర్ వైద్యుడికి అసలు విషయం తెలియదు. ఆ మందును ఆపాలా వద్దా అన్నది వైద్యులిద్దరూ కలిసి తేల్చవలసిన అంశం. రోగి తనంత తాను మానేస్తే కీళ్లవాతం తిరగబెడుతుంది.

ఈ చర్చ ఎక్స్‌రే భయంగా మారడం తగదు. ఛాతీ ఎక్స్‌రే మోతాదు సుమారు 0.1 మిల్లీసీవర్ట్. రొమ్ము క్యాన్సర్‌కు జనం ‘కరెంటు పెట్టడం’ అనే చికిత్సలో, నేడు విరివిగా వాడే పద్ధతిలో, 15 విడతల్లో 40 గ్రేలు ఇస్తారు. రెండింటికీ పోలికే లేదు.

అసలు చిక్కు ఈ చికిత్స కంటే ముందే ఉంది. రొమ్మును నిలిపి గడ్డను మాత్రమే తీస్తే, తరువాత సాధారణంగా రేడియేషన్ అవసరమవుతుంది. చురుకైన స్క్లెరోడెర్మా ఉన్న స్త్రీకి అది కీడు చేయవచ్చు గనుక, రొమ్మును పూర్తిగా తొలగించే మార్గాన్ని ముందుగానే ఆలోచించాలి. శస్త్రచికిత్స ఒక ఊళ్లో, రేడియేషన్ మరో ఊళ్లో జరిగే పరిస్థితుల్లో, చేతివేళ్లు చలికి తెల్లబడతాయన్న మాట, ఊపిరితిత్తుల స్కాన్ నివేదిక, ప్రతిరక్షకాల పరీక్ష, వాడుతున్న మందు పేరు కత్తి పట్టే వైద్యుడికే అందాలి. రేడియేషన్ ప్రణాళిక వేసేనాటికి అందితే, ఎంచుకోవడానికి మిగిలే మార్గాలు బాగా తగ్గిపోతాయి.