ఐర్లాండ్ విస్కీ యాత్ర: రోడ్డు మీద కనిపించని సరిహద్దు, సీసా వెంట వచ్చే చట్టం

ఐర్లాండ్‌కు వెళ్లే పర్యాటకులలో చాలామంది బీరు, విస్కీ తయారీ కేంద్రాలను చూడకుండా తిరిగి రారు. డబ్లిన్‌లో గిన్నిస్, జేమ్సన్, దక్షిణాన మిడిల్టన్, ఉత్తరాన బుష్‌మిల్స్ వీటిలో ముఖ్యమైనవి. నాలుగూ ఒకే ద్వీపంలో ఉన్నాయి గానీ, ఒకే దేశంలో లేవు. భారత పాస్‌పోర్టుతో వెళ్లేవారు ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

బుష్‌మిల్స్ ఉన్నది ఆంట్రిమ్ కౌంటీలో, అంటే యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌లో. డబ్లిన్ నుంచి కారులో వెళ్తే దారిలో గేటు గానీ, పాస్‌పోర్టు అడిగే కౌంటరు గానీ ఎదురుకావు. వేగ పరిమితి బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లకు మారతాయి, అంతే. అయినా వీసా నిబంధన అక్కడ అమలులోనే ఉంటుంది. ఐర్లాండ్ వీసా మాత్రమే ఉన్న భారతీయులకు సాధారణంగా ఉత్తరానికి వెళ్లే అర్హత లేదు. షెంగెన్ వీసా రెండు చోట్లా చెల్లదు. ఈ చిక్కును తీర్చేందుకే 2014లో బ్రిటిష్-ఐరిష్ వీసా పథకాన్ని ప్రారంభించారు. ఆ పథకం ముద్ర ఉన్న స్వల్పకాలిక వీసాతో రెండు దేశాలలోనూ తిరగవచ్చు. అయితే వీసా ఇచ్చిన దేశంలోనే మొదట అడుగుపెట్టాలి.

చూపించేది ఒకచోట, తయారయ్యేది మరోచోట

డబ్లిన్ బో స్ట్రీట్‌లో జేమ్సన్ విస్కీ చరిత్ర 1780 నుంచి మొదలవుతుంది. సందర్శకులు నేటికీ అక్కడికే వెళ్తారు. కానీ ఆ భవనంలో విస్కీ ఉత్పత్తి 1971లోనే ఆగిపోయింది. జేమ్సన్ తయారయ్యేది కార్క్ కౌంటీలోని మిడిల్టన్‌లో, 1975లో ప్రారంభమైన కొత్త కర్మాగారంలో. దాని పక్కనే ఉన్న పాత డిస్టిలరీలో సుమారు 1,43,000 లీటర్లు పట్టే భారీ రాగి బట్టీని భద్రపరిచారు. జలియన్‌వాలాబాగ్ కాల్పులకు ఆదేశించిన రెజినాల్డ్ డయ్యర్ చదువుకున్న కళాశాల ఈ ఊరిలోనే ఉంది. అతని తండ్రి ఎడ్వర్డ్ డయ్యర్ కసౌలీలో బీరు కర్మాగారం స్థాపించిన వ్యాపారి.

గిన్నిస్ సంగతీ అలాంటిదే. ఆర్థర్ గిన్నిస్ 1759లో ఏడాదికి 45 పౌండ్ల అద్దెతో 9,000 ఏళ్లకు కౌలు రాయించుకున్న కథను ప్రతి సందర్శకుడూ వింటాడు. పర్యాటకులు తిరిగే ఏడంతస్తుల భవనం 1904 నాటి పులియబెట్టే కేంద్రం. 2000లో దానిని ప్రదర్శనశాలగా మార్చారు. నిజమైన కర్మాగారం అదే ఆవరణలో, ప్రదర్శనశాలకు వెలుపల నడుస్తోంది.

నిజానికి చూడవలసినది వెస్ట్‌మీత్ కౌంటీలోని కిల్‌బెగాన్. 1757లో మొదలైన ఈ చిన్న డిస్టిలరీ 1950లలో మూతపడింది. 1980లలో ఊరివారే పూనుకొని శిథిలమవుతున్న భవనాన్ని, నీటి చక్రాన్ని బాగుచేసి మ్యూజియంగా నిలబెట్టారు. సరిగ్గా 250 ఏళ్లకు, 2007లో, అక్కడ మళ్లీ బట్టీ వెలిగింది. బుష్‌మిల్స్ సీసాపై ఉండే 1608 సంవత్సరానికి అంతటి బలం లేదు. అది ఆ ప్రాంతంలో సారా కాచేందుకు రాజు ఇచ్చిన అనుమతి తేదీ. బుష్‌మిల్స్ సంస్థ నమోదైనది 1784లో.

ఐరిష్ విస్కీ రుచిలో పన్నుల చరిత్ర కూడా ఉంది. 1785లో మొలకెత్తించిన బార్లీపై పన్ను వేయడంతో, తయారీదారులు మొలకెత్తని పచ్చి బార్లీని కలపడం పెంచారు. నేటి 'పాట్ స్టిల్' విస్కీకి ఆ మిశ్రమమే ఆధారం. చట్టప్రకారం ఆ సరుకును కనీసం మూడేళ్లు చెక్క పీపాలలో ఉంచాలి. అందువల్ల కొత్త డిస్టిలరీకి పెట్టుబడి వెంటనే తిరిగి రాదు. ఆ మూడేళ్లలో సందర్శకుల టికెట్ డబ్బు కూడా కొన్నిటికి ఆసరా అవుతుంది. 2010 నాటికి నాలుగే మిగిలిన డిస్టిలరీలు ఆ తర్వాత నలభై దాటాయి. కానీ ఆ ఊపు ఇప్పుడు తగ్గింది. వాటర్‌ఫర్డ్ డిస్టిలరీ 2024 నవంబరులో రిసీవర్ల చేతికి వెళ్లింది. చిన్న కేంద్రాలకు బయలుదేరేముందు అవి తెరిచి ఉన్నాయో లేదో కనుక్కోవడం మంచిది.

రుచి చూశాక కారు నడపడం ప్రమాదకరం. రక్తంలో ఆల్కహాల్ పరిమితి ఐర్లాండ్‌లో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములు, ఉత్తర ఐర్లాండ్‌లో 80, భారత్‌లో 30. డబ్లిన్, మిడిల్టన్‌లకు రైలు సౌకర్యం ఉంది.

తిరుగు ప్రయాణంలో సంత్రాగాఛి

విదేశం నుంచి వచ్చే వయోజన ప్రయాణికుడు సుంకం లేకుండా రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. కోల్‌కతా విమానాశ్రయంలో కస్టమ్స్ దాటగానే పని పూర్తయిందని చాలామంది అనుకుంటారు. మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం కనుక అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

హావ్‌డాలోని సంత్రాగాఛి స్టేషన్ ఇందుకు మంచి ఉదాహరణ. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల తెలుగు కుటుంబాలకూ, ఉత్తరాంధ్రకు వెళ్లేవారికీ ఇది పరిచితమైన మజిలీ. ఇక్కడి నుంచి చెన్నై వైపు వెళ్లే రైళ్లు ఒడిశా మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశిస్తాయి. ప్రతి రాష్ట్రానికీ సొంత ఎక్సైజ్ చట్టం, సొంత పరిమితి ఉన్నాయి. కస్టమ్స్ అనుమతించిన రెండు లీటర్లు దిగే రాష్ట్రంలోనూ చెల్లుతాయని అనుకోవడానికి వీల్లేదు. కొనుగోలు రసీదు, బోర్డింగ్ పాస్ దగ్గర ఉంచుకొని, సీలు విప్పకుండా తీసుకెళ్లాలి. దిగే రాష్ట్రంలో ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చో ముందే తెలుసుకోవాలి.

ఇదే సంత్రాగాఛి నుంచి పోర్‌బందర్‌కు కవిగురు ఎక్స్‌ప్రెస్ వెళ్తుంది. పోర్‌బందర్ ఉన్న గుజరాత్‌లో మద్యనిషేధం అమలులో ఉంది. అక్కడ అనుమతి పత్రం లేకుండా సీసా దగ్గర ఉంచుకోవడమే నేరం. అది డబ్లిన్‌లో కొన్నదైనా, సీలు చెదరనిదైనా.