ప్రోగ్రాములలో చిక్కుముడులు: వాటి కొలత, సడలింపు

కంప్యూటర్ ప్రోగ్రామును వ్రాయుట కొద్ది నెలల పని. దానిని చదువుట, దిద్దుట ఏళ్ల తరబడి సాగే పని. ఇల్లు కట్టిన మేస్త్రి ఒకడు, కారే కప్పును బాగుచేసే మేస్త్రి మరొకడు అయినట్లే, ప్రోగ్రామును వ్రాసినవాడు ఒకడు, దిద్దవలసినవాడు మరొకడు. ఈ రెండవవానికి బోధపడని ప్రోగ్రాము నేడు చక్కగా నడుస్తున్నా రేపటికి బరువే అవుతుంది.

ఈ సత్యమును మన తెలుగు యువకులు అనుభవపూర్వకంగా తెలిసికొన్న సందర్భం ఒకటి ఉన్నది. 1960, 70 దశకాలలో కంప్యూటర్ జ్ఞాపకశక్తి మిక్కిలి ఖరీదైనది. అందుచేత సంవత్సరాన్ని 1965 అని వ్రాయక, 65 అని రెండంకెలతోనే సరిపెట్టేవారు. 2000 సంవత్సరం సమీపించేసరికి ఈ పొదుపు ప్రమాదంగా పరిణమించింది. 65 లో పుట్టినవాని వయస్సు లెక్కించుటకు 00 నుండి 65 తీసివేస్తే వచ్చేది 35 కాదు, ఋణ 65! ఈ దోషాన్ని సరిదిద్దుటకై 1990 దశకం చివర హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాలలో కోబాల్ భాష నేర్చి, ఎందరో తెలుగువారు అమెరికా తదితర దేశాల బ్యాంకుల, బీమా సంస్థల ప్రోగ్రాములకు కూర్చున్నారు. దిద్దుబాటు ఒక్కొక్కచోట స్వల్పమే. కాని ఎక్కడ దిద్దాలో వెదకుటయే మహాభారమైనది. సంవత్సరపు లెక్క ఒక చోట గాక వేలాది పంక్తులలో చెల్లాచెదరుగా ఉండుటయే అందుకు కారణం.

మరి ప్రోగ్రాములోని చిక్కును కొలుచుట సాధ్యమా? 1976లో థామస్ మెకేబ్ అనే అమెరికన్ గణితవేత్త ఒక సులభమైన కొలతను ప్రతిపాదించాడు. దీనిని సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ అంటారు. ప్రోగ్రాము నడకలో 'ఇలా అయితే ఈ దారి, కాకుంటే ఆ దారి' అని చీలే తావులను లెక్కించి, వాటికి ఒకటి కలపాలి. వచ్చిన సంఖ్యయే దాని చిక్కు. ఒక్కొక్క భాగంలో ఈ సంఖ్య పది దాటకుండుట మేలని మెకేబ్ సూచించాడు.

లీపు సంవత్సరపు నియమాన్నే ఉదాహరణగా తీసుకొందాము. నాలుగుతో భాగింపబడని సంవత్సరం లీపు కాదు. భాగింపబడి, నూరుతో భాగింపబడనిది లీపు. నూరుతో భాగింపబడి, నాలుగు వందలతో భాగింపబడనిది లీపు కాదు. నాలుగు వందలతో భాగింపబడినది లీపు. ఇందులో ప్రశ్నలు మూడు. ఒకటి కలుపగా చిక్కు నాలుగు. అనగా దారులు నాలుగు. వాటిని పరీక్షించుటకు నాలుగు సంవత్సరాలు కావలెను: 2023, 2024, 1900, 2000. చిక్కు సంఖ్య పెరిగినకొద్దీ పరీక్షించవలసిన దారులు ఎట్లు పెరుగుతాయో దీనినిబట్టి గ్రహించవచ్చును.

అయితే చిక్కు తగ్గించాలని మూడవ ప్రశ్నను తొలగిస్తే ఏమవుతుంది? సంఖ్య మూడుకు దిగుతుంది. కాని 2000 సంవత్సరంలో ఫిబ్రవరి 29 కనుమరుగవుతుంది. కొన్ని పాత ప్రోగ్రాములలో నిజంగానే ఈ దోషం కనిపించింది. కనుక చిక్కు రెండు విధాలని గుర్తించాలి. విషయంలోనే ఉన్న చిక్కు ఒకటి. మనము తెచ్చిపెట్టుకొన్న చిక్కు మరొకటి. ఫ్రెడరిక్ బ్రూక్స్ 1986లో ఈ విభజనను స్పష్టంగా చెప్పాడు.

మన తిరుమల దారినే చూడండి. 1944లో ఏర్పడిన మొదటి ఘాట్ రోడ్డు మీదనే ఎక్కే బండ్లూ, దిగే బండ్లూ నడిచేవి. 1974లో రెండవ రోడ్డు వచ్చిన పిమ్మట ఎక్కుటకు ఒకటి, దిగుటకు ఒకటి అయినవి. కొండ ఎత్తు తగ్గలేదు, మలుపులూ పోలేదు. మలుపులో ఎదురుబండి వచ్చునేమో అన్న చింత మాత్రం పోయినది. ప్రోగ్రాములో మనము తగ్గించవలసినది ఈ ఎదురుబండినే.

అందుకు మార్గాలు కష్టమైనవి కావు. ఒక నిర్ణయాన్ని ఒకే చోట వ్రాసి, అవసరమైన ప్రతిచోటా దానినే పిలువవలెను. లీపు నియమం ఒక్క ఫంక్షన్‌లో ఉంటే, దిద్దుబాటు ఒక్క చోటనే జరుగుతుంది. షరతులో షరతు, దానిలో మరొక షరతు దూర్చక, కాని సంగతులను ముందే తేల్చి పంపివేయవలెను. మార్కులకు తరగతులు నిర్ణయించునప్పుడు షరతుల వరుసకు బదులు ఒక పట్టికను వాడవచ్చును. పేర్లు అర్థవంతంగా ఉండాలి. 'క', 'గ' అన్న పేర్ల కంటె 'హాజరు శాతం' అన్న పేరు చదువరికి దారి చూపుతుంది. పాత ప్రోగ్రామును సడలించుటకు ముందు దాని ఫలితాలను పరీక్షలలో భద్రపరచి, ఒక్కొక్క అడుగే మార్చి, మరల సరిచూడవలెను.

సంఖ్యను మాత్రమే నమ్ముట కూడదు. ఒక పెద్ద ఫంక్షన్‌ను ఇరవై ముక్కలు చేస్తే ప్రతి ముక్క కొలత తగ్గుతుంది. ముక్కల మధ్య సంబంధం తెలియకుంటే చదువరి కష్టం తగ్గదు. జ్వరమానిని జ్వరాన్ని చూపుతుంది; వైద్యం చేయదు.

విద్యార్థులారా! మీలో పలువురు ఉద్యోగంలో చేరిన తొలినాడే ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును అందుకొంటారు. పింఛను, ఉపకారవేతనం, ఆసుపత్రి బిల్లు నేడు ఇట్టి ప్రోగ్రాముల గుండానే నడుస్తున్నవి. ఎక్కడో మరుగున పడిన ఒక షరతు సవరింపబడకపోతే, ఒక వృద్ధురాలికి ఆ నెల పింఛను అందదు. కారణమేమో కౌంటరులోని గుమాస్తా కూడా చెప్పలేడు. కావున ఈ సంవత్సరం మీరు సమర్పించబోయే ప్రాజెక్టును ముందుగా తోటి విద్యార్థి చేతికిచ్చి, మీరు నోరు విప్పక, అతనిచేత చదివించండి. అతడు ఆగిపోయిన ప్రతి చోటూ దిద్దవలసిన చోటే.